డోలక్ నుంచి గిటార్ తీగ దాకా: వాయిద్యాల షాపు ప్రకటన పనిచేసిందో లేదో తేల్చుకునే పద్ధతి

ప్రకటనకు డబ్బు పెట్టిన ఏ షాపాయన్ను అడిగినా ఒకటే మాట చెప్తాడు: "జనమైతే వస్తున్నరన్నా, దానివల్లనే వస్తున్నరా అంటే చెప్పలేను." నేనూ చాలా ఏళ్లు ఇదే అన్నాను. నల్గొండలో మాది వాయిద్యాల షాపు. నాన్న హార్మోనియం పెట్టెలు రిపేరు చేసేవారు, నేను కూర్చున్నాక కీబోర్డులు, గిటార్లు, రిథమ్ ప్యాడ్లు తోడయ్యాయి. నాన్న హయాంలో ప్రకటన అంటే దేవరకొండ రోడ్డులో ఒక గోడ మీద నీలం రంగుతో రాయించిన నాలుగు ముక్కలు, అంతే. నేను మాత్రం కేబుల్ స్క్రోలింగ్, కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఆటో మైకు, రీల్స్, అన్నీ చేశాను. వాటిలో ఏది అమ్మింది, ఏది నా జేబు మాత్రమే ఖాళీ చేసింది అని తేల్చుకోవడం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఆ పద్ధతి మొదటి నుంచి చెప్తాను. మీ షాపు మహబూబ్‌నగర్‌లో ఉన్నా, వనపర్తిలో ఉన్నా, ఇంట్లో కూర్చుని తబ్లాకు పుడీలు (పైన బిగించే తోళ్లు) వేసిచ్చేవాళ్లయినా ఇదే లెక్క సరిపోతుంది.

1. కొనేదెవరో, ఊ కొట్టేదెవరో విడివిడిగా రాసుకోండి

మన దగ్గర వాయిద్యానికి డబ్బు ఇచ్చేది ఒకరు, ఏది కొనాలో చెప్పేది ఇంకొకరు. భజన మండలి చందాలేసుకుని హార్మోనియం పెట్టె కొంటుంది, కానీ పెట్టె వాయించే పెద్దాయన రీడ్లు నొక్కి చూసి తల ఊపితేనే డబ్బు బయటికి తీస్తారు. పిల్లాడి కీబోర్డుకు డబ్బిచ్చేది తండ్రి, మోడల్ చెప్పేది సంగీతం సారు. చర్చిలో అయితే క్వయర్‌లో వాయించే కుర్రాడు. డప్పు బృందాల వాళ్లు, బ్యాండు వాళ్లు వేరు, వాళ్లకు అదే బువ్వ, వాళ్లను మనం ఒప్పించేదేం ఉండదు, సరుకు మోగితే కొంటారు లేకపోతే హైదరాబాద్ బస్సెక్కుతారు.

అందుకని ప్రకటన రాసే ముందు ఒక కాగితం మీద ఇది ఎవరి చెవిన పడాలో ఒక్క మనిషిని ఊహించుకుని రాయండి. "నకిరేకల్ దగ్గర పల్లెలో పెట్టె వాయించే ముసలాయన" అని రాసుకుంటే, ఆయనకు ఇన్‌స్టాగ్రామ్ రీల్ ఎందుకు దండగో మీకే తెలిసిపోతుంది.

2. క్యాలెండర్ కాదు, పంచాంగం ముందు పెట్టుకోండి

మా వ్యాపారం తిథుల మీద నడుస్తుంది. ఆషాఢంలో బోనాలకు డప్పులు, ఆ తర్వాత వినాయక చవితి, ఆశ్వయుజంలో బతుకమ్మ, దసరా. కార్తీకం రాగానే అయ్యప్ప మాలలు, అక్కణ్ణుంచి సంక్రాంతి దాకా డోలక్, కంజీర, తాళాలకు తీరిక ఉండదు. మధ్యలో క్రిస్మస్, అంటే కీబోర్డులు, గిటార్లు. మాఘంలో చెర్వుగట్టు జాతర. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర, అప్పుడు భేరీలు, గజ్జెలు. మహబూబ్‌నగర్ వైపు మా బామ్మర్ది షాపుకు కురుమూర్తి జాతర, మన్యంకొండ జాతర.

ఇక్కడ ఒక మోసం ఉంది, నేను రెండుసార్లు పడ్డాను. వినాయక చవితి 2024లో సెప్టెంబర్ 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న. 2026లో అధిక జ్యేష్ఠం పడింది కాబట్టి సెప్టెంబర్ 14. ఇప్పుడు మీరు 2025 ఆగస్టులో ప్రకటన వేసి "పోయినేడు ఆగస్టు కంటే డబుల్ అమ్మాం" అనుకుంటే, అది ప్రకటన గొప్ప కాదు, చవితి ముందుకు జరిగింది, అంతే. పోల్చాలంటే పండగకు ముందు మూడు వారాలను, పోయినేడు అదే పండగకు ముందు మూడు వారాలతో పోల్చండి. తేదీని తేదీతో పోలిస్తే మీకు మీరే అబద్ధం చెప్పుకున్నట్టు.

ఇంకోటి, ప్రకటన పండగ వారంలో వేస్తే ఆలస్యమైనట్టే. భజన వాళ్లు చందాలు పోగు చేసుకోవాలి, పెద్దాయనను వెంటబెట్టుకుని రావాలి. మూడు వారాల ముందు వేయండి. తీగలు, పుల్లలు, తాళాల లాంటి చిల్లర సామాన్లకు మాత్రం ఆఖరి నాలుగు రోజులే మంచివి.

3. ఒక ప్రకటనకు ఒకే సరుకు

నా మొదటి ఫ్లెక్సీ మీద ఇలా ఉండేది: "మా వద్ద అన్ని రకముల సంగీత వాయిద్యములు, విడిభాగములు ఆకర్షణీయమైన ధరలకు లభించును." పక్కన గిటార్, వీణ, తబ్లా, సాక్సోఫోన్ బొమ్మలు. వీణ మా షాపులో ఎప్పుడూ లేదు, ఫ్లెక్సీ కొట్టే కుర్రాడు కంప్యూటర్లో ఏది దొరికితే అది అతికించాడు. ఆ ఫ్లెక్సీ చూసి ఒకావిడ వీణ కోసం హాలియా నుంచి వచ్చింది పాపం, మంచినీళ్లిచ్చి పంపాను.

తర్వాత ఒక వానాకాలం ఇలా రాయించాను: "వానకు డోలక్ మెత్తబడిందా? పొద్దున తెచ్చివ్వండి, సాయంత్రం మోగించుకుంటూ తీసుకపోండి." కింద ఫోన్ నంబర్, గడియారం సెంటర్ నుంచి దారి. బొమ్మ కూడా లేదు. దానికి వచ్చిన వాళ్లలో మూడొంతులు పాత డోలక్ తెచ్చారు, కొందరు పాతదాన్ని బాగు చేయించడం కంటే నట్లతో బిగించుకునే కొత్త డోలక్ మేలని అదే కొన్నారు. ఈ తేడా ఎందుకంటే, మొదటి దాంట్లో నా షాపు గురించి చెప్పాను, రెండో దాంట్లో వాళ్ల డోలక్ గురించి అడిగాను.

తెలిసినవాడి భాష వాడండి. "మంచి తబ్లా" అని రాస్తే ఎవరికీ పట్టదు. "ఒకటిన్నర శృతికి పలికే తబ్లా" అని రాస్తే ఆ శృతిలో పాడేవాడు ఫోన్ చేస్తాడు, మిగతావాళ్లు చేయరు, ఇద్దరికీ టైం మిగులుతుంది. ఫ్లూటైతే శృతి రాయకుండా ప్రకటన వేయడమే తప్పు. పెట్టెకైతే డబుల్ రీడా సింగిల్ రీడా, కప్లర్ (ఒక మెట్టు నొక్కితే ఇంకో స్థాయిదీ కలిసి పలికించేది) ఉందా, స్కేల్ చేంజరా (మెట్ల వరుస జరిపి శృతి మార్చుకునేదా) అన్నవి రాయండి. గిటార్ తీగలకైతే పది గేజా పదకొండు గేజా, అంటే తీగ మందం. ధర రాయాలా అని అడుగుతారు చాలామంది. చిల్లర సామాన్లకు తప్పకుండా రాయండి. పెట్టెకు, కీబోర్డుకు "ఇంత నుంచి మొదలు" అని రాస్తే చాలు, అయితే ఆ మొదలు ధర సరుకు షాపులో నిజంగా ఉండాలి. లేని ధర, లేని గ్యారంటీ రాస్తే పరువు సంగతి అటుంచండి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అంత దూరం మనలాంటి షాపులకు రాకపోవచ్చు గానీ, నకిలీ తీగల మీద "ఒరిజినల్" అని రాసేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి.

వాయిద్యాల ప్రకటనల్లో నాకు బాగా నచ్చినది వందేళ్ల కిందటిది. అమెరికాలో 1926 ప్రాంతంలో జాన్ కేపుల్స్ అనే పాతికేళ్ల కుర్రాడు, పోస్టులో సంగీతం నేర్పే ఒక స్కూలు కోసం రాశాడు. విందులో ఒకతను పియానో ముందు కూర్చుంటే స్నేహితులంతా నవ్వుతారు, వాయించడం మొదలుపెట్టగానే నోళ్లు మూతపడతాయి. కథంతా అదే. పియానోకు ఎన్ని మెట్లున్నాయి, ఏ చెక్కతో చేశారు, ఒక్క ముక్క లేదు. కొనేవాడికి కావలసింది వాయిద్యం కాదు, తన వాళ్ల ముందు వాయించే ఆ క్షణం. మన దగ్గర ఆ క్షణం క్రిస్మస్ రాత్రి చర్చిలో ఉంటుంది, స్కూలు వార్షికోత్సవంలో ఉంటుంది, మాల వేసుకున్న స్వాముల పడిపూజలో ఉంటుంది. ఫొటో అక్కడ తీయండి, షాపు అరలో కాదు.

4. వినిపించకుండా అమ్మకండి

మిగతా సరుకులకు బొమ్మ చాలు, మనదానికి చాలదు. కిన్నెర సంగతే చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర గొంతు జనం చెవిన పడి, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినంక, అంతకుముందు ఆ పేరే వినని పిల్లలు మా షాపుకొచ్చి "అంకుల్, కిన్నెర ఉందా?" అని అడిగారు. అది షాపులో దొరికేది కాదని చెప్పి పంపాను, కానీ ఆ రోజు నాకు అర్థమైంది ఏంటంటే వాళ్లను తెచ్చింది ఫొటో కాదు, మోత.

వీడియో తీసేటప్పుడు ఇవి చూసుకోండి. ఫ్యాన్ ఆపండి, షట్టర్ సగం దించండి, మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య రోడ్డు కొంచెం సద్దుమణుగుతుంది. ఫోన్‌ను వాయిద్యానికి మూడు, నాలుగు అడుగుల దూరంలో పెట్టండి, మీదికి తెస్తే డోలక్ దెబ్బకు ధ్వని పగిలిపోతుంది. చూసేవాళ్లు కూడా ఫోన్‌లోనే వింటారని మర్చిపోవద్దు, ఆ చిన్న స్పీకర్‌లో డగ్గా (తబ్లా జతలో ఎడమ చేతిది) గుమ్ము, డోలక్ ఎడమ వైపు మోత దాదాపు వినపడవు. అందుకే కుడి చేతి వైపు దగ్గరగా తీసుకుని, వేళ్లు కనపడేలా పెట్టండి. కన్ను చూసినదాన్ని చెవి కొంత పూడ్చుకుంటుంది. మొదటి మూడు సెకన్లలోనే మోత రావాలి, "నమస్కారం, మా షాపుకు స్వాగతం" అనేలోపు వేలు పైకి జరిగిపోతుంది.

సినిమా పాట వాయించకండి, వెనకాల పెట్టకండి. ప్రకటనకు హక్కులు వేరే తీసుకోవాలి, లేకపోతే వీడియో మ్యూట్ అవుతుంది లేదా తీసేస్తారు, మీరు కట్టిన డబ్బు దాంతోపాటే. రామదాసు కీర్తన సాహిత్యం పాతదే, ఎవరైనా పాడుకోవచ్చు, కానీ ఈ మధ్య ఎవరో కట్టిన బాణీలో వాయిస్తే మళ్లీ అదే తలనొప్పి. మా ఊరి మండలి పెద్దలు తరతరాలుగా పాడే భజన బాణీ ఒకటి రికార్డు చేసుకున్నాను, దానికి ఎవరూ అడ్డు రాలేదు, పైగా ఆ మండలి వాళ్లే దాన్ని నలభై గ్రూపుల్లో పంపారు.

5. ఎక్కడ వేయాలి

కేబుల్ స్క్రోలింగ్ ఇంట్లో పెద్దవాళ్లు చూస్తారు, చవక, కానీ మోత ఉండదు. ఒకసారి నా నంబర్లో ఒక అంకె తప్పు వేసి పదిహేను రోజులు నడిపారు, ఎవరో ట్రాక్టర్ మెకానిక్‌కు హార్మోనియం కాల్స్ వెళ్లాయి, పదహారో రోజు ఆయనే వెతుక్కుని వచ్చి చెప్పాడు. అందుకే ప్రకటన వేసిన రోజే మీ ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఆ నంబర్‌కు మీరే ఫోన్ చేయండి.

కరపత్రాలు పేపర్లో పెట్టి పంచడం మంచిదే, పంచితే. నేను రెండు వేలు ఇచ్చిన వారానికి బస్టాండ్ దగ్గర మిర్చి బజ్జీలు కొంటే నా కరపత్రంలోనే కట్టిచ్చారు, తర్వాత తెలిసింది అక్కడ కట్టలు కట్టలు ఉన్నాయని. అప్పట్నుంచి ఐదు వందలకు మించి ఇవ్వను, అవీ సంగీతం క్లాసుల బయట, జాతర దారిలో మనిషిని పెట్టి చేతికే ఇప్పిస్తాను.

ఆటో మైకు నాకు ఇష్టం, ఎందుకంటే దాంట్లో ముప్పై సెకన్ల డోలక్ వినిపించొచ్చు. వారం సంత రోజు పంపండి, పొద్దున్నే, ఎండెక్కాక ఎవరూ వినరు.

ఫోన్ ప్రకటనల్లో అందరూ చేసే తప్పు, వీడియో కింద, డబ్బు కడితే ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ నొక్కడం. నాదొకటి అట్లనే వేల వ్యూస్ వచ్చింది, కామెంట్లన్నీ విశాఖ నుంచి, నెల్లూరు నుంచి, "సూపర్ అన్నా", "కొరియర్ ఉందా?" అని. ఒక్క పెట్టె కదల్లేదు. తర్వాత యాడ్స్ పేజీలోకి వెళ్లి మ్యాప్ మీద నల్గొండ దగ్గర పిన్ను గుచ్చి చుట్టూ 40 కిలోమీటర్లు పెట్టాను, లక్ష్యం దగ్గర వ్యూస్ కాకుండా వాట్సాప్ మెసేజ్‌లు ఎంచుకున్నాను. వ్యూస్ పాతాళానికి పోయాయి, మెసేజ్‌లు మాత్రం మిర్యాలగూడ, కట్టంగూరు, మునుగోడు నుంచి వచ్చాయి.

6. ప్రతి ప్రకటనకు ఒక గుర్తు, ప్రతి మనిషికి ఒక వరుస

అసలు పని ఇదే. ఇది చేయకపోతే పైవన్నీ ఊహలే.

ముందు గుర్తులు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో మీ నంబర్‌కు షార్ట్ లింక్ తయారవుతుంది, దాంట్లో ముందే ఒక మెసేజ్ పెట్టొచ్చు. ప్రకటనకొక మెసేజ్ కావాలంటే లింకు చివర మాట మార్చి, ఒక్కో లింకుకు ఒక్కో క్యూఆర్ కోడ్ చేయించండి, ఇంటర్మీడియట్ చదివే పిల్లలెవరైనా చేసిస్తారు. కరపత్రం మీది కోడ్ స్కాన్ చేస్తే "డోలక్ గురించి, కరపత్రం చూసి" అని, ఫ్లెక్సీది స్కాన్ చేస్తే "ఫ్లెక్సీ చూసి" అని మెసేజ్ ముందే రాసి ఉంటుంది, వాళ్లు పంపితే చాలు. కోడ్లు వాడని పెద్దవాళ్లకు మాట గుర్తు పెట్టండి. కేబుల్‌లో "తాళం అని చెప్తే చిడతల జత ఉచితం", ఆటో మైకులో "గజ్జె అని చెప్పండి". జనానికి ఇది సరదా, మీకు లెక్క. పాతకాలం పోస్టు వ్యాపారాలు కూడా ఇదే చేసేవి, ఒక్కో పత్రికలో వేసిన కూపన్‌కు ఒక్కో గుర్తు పెట్టి, ఏ గుర్తున్నవి ఎక్కువ తిరిగొచ్చాయో లెక్కపెట్టేవి.

ఇక నోట్‌బుక్. తేదీ, ఊరు, ఏం అడిగారు, ఎట్ల తెలిసింది, కొన్నారా లేదా, బిల్లు ఎంత. ఆరు గళ్లు, ఇంకేం వద్దు. కొనకుండా పోయినవాళ్లను కూడా రాయాలి, అదే అందరూ వదిలేస్తారు.

"ఎట్ల తెలిసింది" అనేది ఎట్లా అడుగుతారన్నదాని మీదే అంతా ఉంది. "మా ప్రకటన చూశారా?" అంటే మర్యాదకైనా "చూసిన సేటూ" అంటారు. నేను పేపర్లో ఒక్కసారి కూడా ప్రకటన ఇవ్వని ఏడాది, ఇరవై మందికి పైగా "పేపర్ల చూసినం" అన్నారు! అబద్ధం కాదు, గుర్తులేక అంటారు. అందుకే ఇప్పుడు నేను అడిగేది "ఎవరు తోలిన్రు కాకా మిమ్మల్ని?" అని. అప్పుడు అసలు సంగతి వస్తుంది.

మొన్న మాఘంలో వచ్చిన ఒకాయన సంగతి చెప్తాను. భుజం మీద తువ్వాల, వెంట ముగ్గురు. ఫోన్ తీసి నా వీడియో చూపించాడు, "గీ పెట్టె మోత మంచిగుంది, ఇదే కావాలె" అన్నాడు. నేను సంబరపడి "వీడియో" అని రాయబోయాను. మళ్లీ ఆగి, ఎవరు తోలిన్రని అడిగితే, "మా పంతులు పంపిండు గీ వీడియో, ఆ షాపాయన తండ్రి నా పెట్టె బాగు చేసిండు, పోండ్రి అన్నడు." ఇప్పుడు ఆ గడిలో ఏం రాయాలి? నేను రెండూ రాశాను, "పంతులు, వీడియో తోడు" అని. ఏడాది నోట్‌బుక్ తిరగేస్తే పెద్ద బిల్లుల పక్కన ఇట్లాంటివే ఎక్కువ. మనిషి తోలుతాడు, వీడియో దారి చూపిస్తుంది. అప్పట్నుంచి నా వీడియోలు మొదట సంగీతం సార్లకు, మండలి పెద్దలకే పంపుతున్నాను, పైసా ఖర్చు లేదు.

7. ఒక ఊళ్లో వేసి ఇంకో ఊళ్లో ఆపండి

నోట్‌బుక్ మీద కూడా నమ్మకం లేకపోతే ఇది చేయండి. రెండు వారాలు మిర్యాలగూడలో ప్రకటన వేసి దేవరకొండలో ఆపండి, తర్వాత రెండు వారాలు తిప్పండి. ఊరి గడి చూసి లెక్కపెట్టండి. ప్రకటన ఉన్నప్పుడు లేనప్పుడు ఒకే సంఖ్యలో వస్తే, వాళ్లు ఎట్లాగూ వచ్చేవాళ్లే. పండగ సీజన్‌లో ఇది చేయొద్దు, అప్పుడు అంతా కలగాపులగం.

8. బిల్లు కాదు, మిగులు లెక్కేయండి

లెక్క కోసం అనుకుందాం, ప్రకటనకు 3,000 పెట్టారు, 12,000 కీబోర్డు ఒకటి అమ్ముడుపోయింది. నాలుగింతలు వచ్చిందని మురిసిపోవద్దు. దాని మీద మీకు మిగిలేది 1,000 అనుకుంటే, మూడు కీబోర్డులు అమ్ముడుపోతే గానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు, నాలుగోది నుంచే లాభం. బేరాలు, ఫ్రీగా ఇచ్చిన కవరు, స్టాండు మీద తగ్గింపు, ఇవి కూడా తీసేయండి. ఈ లెక్క వేశాక నేను కీబోర్డు ప్రకటనలు సగానికి తగ్గించాను, ఎందుకంటే మోడల్ పేరు తెలిసినవాడు మన షాపులో వాయించి చూసి ఆన్‌లైన్‌లో రేటు పోల్చుకుంటాడు.

9. చిల్లర సామాన్ల ప్రకటన పాత గిరాకీకి వేయండి

తీగలు, పిక్కులు, కేపో (గిటార్ మెడకు బిగించే క్లిప్పు), పుడీలు, డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్లలు, పెట్టె ట్యూనింగ్. వీటికి కొత్తవాళ్లను వెతకడం దండగ, మీ దగ్గర కొన్నవాళ్ల నంబర్లే మీ పత్రిక. ఫెండర్ గిటార్ కంపెనీకి సీఈఓగా ఉన్నప్పుడు ఆండీ మూనీ ఒక మాట బయటపెట్టాడు, కొత్తగా గిటార్ కొన్నవాళ్లలో 90 శాతం మంది ఏడాదిలోపే వదిలేస్తున్నారని. అందుకే 2017లో వాళ్లు ఆన్‌లైన్ పాఠాలు పెట్టారు. గిటార్ మూలన పడితే తీగలెవరు కొంటారు మరి!

మేం చేసేది చిన్నది. గిటార్ అమ్మిన నెల రోజులకు ఒక మెసేజ్: "తమ్ముడూ, వేళ్లు నొస్తున్నాయా? తీగలు మెత్తటివి వేసిస్తాం, శ్రుతి కూడా చేసిస్తాం, ఒకసారి తీసుకురా." మూడు నెలలకు ఇంకోటి. డోలక్ కొన్నవాళ్లకు తొలకరికి ఒకటి. వద్దన్నవాళ్ల పేరు వెంటనే కొట్టేయండి, రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపి బ్లాక్ చేయించుకోకండి. తీగల సెట్టు మీద మిగిలేది తక్కువే, కానీ మెసేజ్‌కు ఖర్చు లేదు, తీగల కోసం వచ్చినవాడు కేపో చూస్తాడు, తర్వాతి ఏడాది తమ్ముడిని తెస్తాడు. పెట్టిన రూపాయికి మా షాపులో అన్నిటికంటే ఎక్కువ తిరిగిచ్చింది ఈ మెసేజ్‌లే.

10. ఆపాల్సింది ఆపండి

ఏడాదికోసారి, మాఘం జాతరలు అయిపోయాక, నోట్‌బుక్ ముందేసుకుని ఒక్కో గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో, మిగులు ఎంతో కూడండి. రెండు సీజన్లు వరసగా పెట్టిన డబ్బు తిరిగి రానిది ఆపేయండి, వేసేవాళ్లు దోస్తులైనా సరే. పోయిన లెక్కలో నేను కేబుల్ ఆపాను, ఫ్లెక్సీలు జాతరకే ఉంచాను, ఆటో మైకు రెట్టింపు చేశాను.

ఆ లెక్కలోనే ఒకటి తేలింది. "దేవరకొండ రోడ్డు గోడ" అని నాలుగు చోట్ల రాసి ఉంది, నా చేతి రాతే. నాన్న రాయించిన గోడ. రంగు వెలిసింది, దాని మీద ఉన్నది ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌లైన్ నంబర్. ఆ నలుగురూ నంబర్ పనిచేయక, షాపు పేరు అడుగుతూ గడియారం సెంటర్ దాకా వచ్చారు. గోడ యజమానిని కలిశాను, చవితి లోపు కొత్త నంబర్ రాయించుకోమన్నాడు, పక్కన క్యూఆర్ కోడ్ గీయగలడా అని పెయింటర్‌ను అడిగితే గంట సేపు నవ్వాడు.